విధేయతయా, నమ్మకత్వమా? – ఆల్బర్ట్ హిర్ష్‌మన్ గ్రంథముపై ఒక సంఘకాపరి విమర్శ

ఉపోద్ఘాతము

వ్యాపార స్వేచ్ఛ ఉన్న దేశములో రాజకీయ స్వేచ్ఛ కూడా కాలక్రమములో వచ్చి తీరుతుందన్న అభిప్రాయము చాలామందిలో స్థిరపడి ఉన్నది. మన సంఘములలోని విద్యావంతులు కూడా దీనిని ప్రశ్నించకుండా అంగీకరిస్తుంటారు. ఈ అభిప్రాయమునకు బలము చేకూర్చిన గ్రంథములలో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ప్రచురించిన 'క్యాపిటలిజం అండ్ ఫ్రీడం' ముఖ్యమైనది. రాజకీయ స్వేచ్ఛకు ఆర్థిక స్వేచ్ఛ అవసరమే గాని అదొక్కటే చాలదని ఫ్రీడ్‌మన్ జాగ్రత్తగానే వ్రాశాడు. అయితే జనము ఆయన మాటలో మొదటి సగమునే పట్టుకొని రెండవ సగమును విడిచిపెట్టారు.

ఈ వ్యాసములో మేము విమర్శించదలచినది వేరొక గ్రంథము. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ వ్రాసిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' 1970లో హార్వర్డ్ విశ్వవిద్యాలయము ద్వారా వెలువడినది. అర్థశాస్త్ర గ్రంథముతో సంఘకాపరులకు పనియేమని కొందరు అడుగవచ్చును. ఒక సంస్థ గాని, పార్టీ గాని, దేశము గాని చెడిపోతున్నప్పుడు అందులోని సభ్యుడు ఏమి చేస్తాడన్నదే ఈ గ్రంథములోని ప్రశ్న. సంఘమును కాసే ప్రతివాడు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు.

1. గ్రంథకర్త, ఆయన వాదము

హిర్ష్‌మన్ 1915లో బెర్లిన్ నగరములో యూదు కుటుంబములో జన్మించాడు. 1933లో హిట్లర్ అధికారమునకు వచ్చినప్పుడు, 18 ఏళ్ల వయస్సులో, జర్మనీని విడిచిపెట్టాడు. 1940లో ఫ్రాన్స్‌లోని మార్సేల్స్ ఓడరేవులో నాజీల చేతికి చిక్కనున్న శరణార్థులను తప్పించుటలో వేరియన్ ఫ్రై అను అమెరికనునకు సహాయపడ్డాడు. తన సోదరి భర్త యూజేనియో కొలోర్ని ఇటలీలో ఫాసిస్టులను ఎదిరించి, 1944లో రోము నగరములో వారి చేతిలో చంపబడ్డాడు. ఈ గ్రంథము ఆయనకే అంకితమైనది. వెళ్లిపోయి బ్రతికినవాడు, నిలిచి ఎదిరించి మరణించినవానికి ఈ పుస్తకమును సమర్పించాడని మనము గుర్తుంచుకొనవలెను.

చెడిపోతున్న సంస్థలో సభ్యునికి రెండు మార్గములున్నవని హిర్ష్‌మన్ వాదన. మొదటిది నిష్క్రమణ, అనగా చెప్పకుండా వెళ్లిపోవుట. సరుకు నచ్చకపోతే పక్క దుకాణమునకు పోయినట్లు. రెండవది స్వరము, అనగా ఉన్నచోటనే ఉండి నోరు విప్పి అడుగుట. అర్థశాస్త్రజ్ఞులు మొదటిదానిని, రాజకీయ శాస్త్రజ్ఞులు రెండవదానిని నమ్ముతారు. ఈ రెండూ కలిసినప్పుడు ఏమి జరుగుతుందన్నదే ఆయన పరిశోధన.

ఆయన చూపిన ఉదాహరణ నైజీరియా రైల్వేది. ఉత్తర నైజీరియాలో పండిన వేరుశనగను దూరపు ఓడరేవులకు చేర్చుటలో లారీలు రైళ్లతో పోటీకి దిగినవి. పోటీ వచ్చినది గనుక రైల్వే బాగుపడవలెను గదా? బాగుపడలేదు. ఎవరు గట్టిగా అడుగగలరో, అడిగి మార్పు తేగలరో, వారే మొదట లారీలకు మారిపోయారు. మిగిలినవారికి అడిగే శక్తి లేదు. ఆదాయము పోయినా ప్రభుత్వ ధనము ఆదుకొనునని ఎరిగిన అధికారులకు, అడిగేవారు పోవుట ఉపశమనముగానే ఉండెను. పోటీ ఉన్నంత మాత్రాన వ్యవస్థ బాగుపడదు. కొన్ని సమయములలో పోటీయే చెడిన వ్యవస్థను కాపాడుతుంది. ఈ గ్రంథమంతటిలో మనలను ఎక్కువగా ఆలోచింపజేసే మాట ఇదే.

ఇదే సూత్రమును ఆయన రాజ్యములకు కూడా వర్తింపజేశాడు. లాటిన్ అమెరికా నియంతలు ప్రత్యర్థులు పరదేశమునకు పోవుటను తరచు ప్రోత్సహించారనీ, ఆశ్రయము సులభముగా దొరికినచోట లోపలి స్వరము బలహీనపడిందనీ చూపించాడు. మూడవదైన 'లాయల్టీ' సభ్యుని త్వరపడి వెళ్లనీయక, మాట్లాడుటకు సమయమిచ్చును. అయితే వెళ్లే అవకాశము ఉన్నప్పుడే మాటకు బరువుంటుందని కూడా ఆయన గుర్తించాడు.

2. దక్షిణ కొరియా అనుభవము

ఈ వాదమును పరీక్షించుటకు దక్షిణ కొరియా తగిన స్థలము. అక్కడ మార్కెట్ పోటీ, నిరంకుశ పాలన, వేగముగా పెరిగిన సంఘము ఒకే తరములో కలిసి ఉండెను.

1961 మే 16న సైనిక తిరుగుబాటుతో పార్క్ చుంగ్-హీ అధికారమునకు వచ్చాడు. 1964లో 10 కోట్ల డాలర్లకు చేరిన ఎగుమతులు 1977లో 1,000 కోట్ల డాలర్లకు చేరినవి. ప్రపంచ మార్కెట్‌లో పోటీపడి గెలిచిన దేశమది. వ్యాపారముతో స్వేచ్ఛ వచ్చి తీరేదైతే ఆ సంవత్సరములలోనే రావలసినది. జరిగినది వేరు. 1972 అక్టోబరులో పార్క్ సైనిక శాసనము విధించి, 'యూషిన్' రాజ్యాంగమును తెచ్చి, ప్రజలు అధ్యక్షుని నేరుగా ఎన్నుకొను హక్కును తీసివేశాడు. 1975 మే నెలలోని 9వ అత్యవసర ఆజ్ఞ ప్రకారము ఆ రాజ్యాంగమును విమర్శించుటయే నేరము.

ఆ ఎగుమతుల వెనుక ఉన్నవారెవరు? సియోల్ నగరములోని ప్యోంగ్‌హ్వా బజారులో బట్టలు కుట్టే కార్మికులు, వారిలో చాలామంది చిన్న వయస్సు ఆడపిల్లలు. జియోన్ తే-ఇల్ అను 22 ఏళ్ల యువకుడు అక్కడ పనివాడు, సంఘములో సండే స్కూలు బోధించినవాడు. కార్మిక చట్టమును అమలు చేయమని అధికారులకు వినతులిచ్చాడు. ఫలితము లేక 1970 నవంబరు 13న ఆ చట్టపు పుస్తకముతో పాటు తనను తాను దహించుకొన్నాడు. ఆ చర్యను మేము ఆదర్శముగా చూపించుట లేదు. ప్రాణము దేవునిది. అయితే ఆ యువకుని స్థితిని గ్రహించవలెను. పని మానుకొని పక్క అంగడికి పోవుటకు అతనికి స్వేచ్ఛ ఉండెను. అక్కడ కూడా అదే దుమ్ము, అదే గంటలు, అదే కూలి. అతనికి నిష్క్రమణ ఉన్నది, స్వరము లేదు.

1979లో ఇంకొకటి జరిగినది. సియోల్‌లోని వై.హెచ్. అను సవరముల కర్మాగారపు యజమాని అమెరికాలో స్థిరపడ్డాడు, కర్మాగారము మూతబడినది. ఆగస్టులో 180 మందికి పైగా స్త్రీ కార్మికులు ప్రతిపక్ష పార్టీ కార్యాలయములో బైఠాయించగా పోలీసులు లోపలికి చొరబడ్డారు. కిమ్ క్యోంగ్-సుక్ అను కార్మికురాలు మరణించినది. ధనమునకు సరిహద్దులు దాటే స్వేచ్ఛ ఉన్నది. శ్రమకు అడుగు స్వేచ్ఛ లేదు. మార్కెట్ నిష్క్రమణను అందరికీ సమానముగా పంచదని ఇంతకంటె స్పష్టముగా చెప్పలేము. ఆ ఘటన నుండి రేగిన కలకలము పుసాన్, మాసాన్ పట్టణములలో తిరుగుబాటుగా మారినది. అక్టోబరు 26న పార్క్ తన గూఢచారి సంస్థ అధిపతి చేతిలోనే హతమయ్యాడు. 1980 మే నెలలో క్వాంగ్జులో రక్తము చిందిన తరువాత, 1987 జూన్‌లో ప్రజలు వీధులలోనికి వచ్చిన పిమ్మట గాని నేరుగా ఓటు వేయు హక్కు తిరిగి రాలేదు. ఆ స్వేచ్ఛ ధర చెల్లించిన మనుష్యుల మూలముగా వచ్చినదే గాని మార్కెట్ దానంతట అదే ఇచ్చినది కాదు.

ఈ కాలములో సంఘమేమి చేసినది? రెండు పనులూ చేసినది. ఒకవైపు నాయకులు 1960ల మధ్య నుండి అధ్యక్షుని కొరకు జరిగిన ప్రార్థనా ఫలహార కూటములకు వెళ్లారు. మరియొకవైపు పట్టణ పారిశ్రామిక పరిచర్యలోనివారు కార్మికుల మధ్య పనిచేసి చెరసాలలు చూశారు. 1976 మార్చి 1న సియోల్‌లోని మ్యోంగ్‌డోంగ్ కతెడ్రల్‌లో ప్రజాస్వామ్యమును కోరుతూ చదివిన ప్రకటనపై సంతకము చేసినవారిలో అన్ బ్యుంగ్-ము, సుహ్ నామ్-డోంగ్ అను వేదాంత ఆచార్యులున్నారు. వారు అంతకు ముందే ఉద్యోగములు కోల్పోయినవారు. మనము తరగతి గదులలో చదివే మిన్‌జుంగ్ వేదాంతము ఈ అనుభవములోనుండి పుట్టినదే.

3. విమర్శ

హిర్ష్‌మన్ వాదము కొరియాను చాలవరకు వివరించగలదు. పాలకుని ఫలహారపు బల్లయొద్ద కూర్చున్నవారిని కూడా ఆయన ముందుగానే గుర్తించాడు. వియత్నాం యుద్ధకాలములో అమెరికా ప్రభుత్వములోనే ఉండి భిన్నాభిప్రాయము చెప్పినవారు క్రమముగా మచ్చిక చేయబడ్డారనీ, వారి అసమ్మతి ఒక అలవాటు పాత్రగా మారిందనీ వ్రాశాడు. లోపల ఉండి మంచి చేస్తామని వెళ్లే సంఘ నాయకులు ఆ పుటలను చదువుట మంచిది.

అయినను మూడు లోపములు మాకు కనబడుచున్నవి. మొదటిది, ఈ గ్రంథములో స్వరము ఎక్కువగా ఖర్చుగానే లెక్కించబడినది. ప్రతిఫలము వచ్చే అవకాశముంటే మనిషి మాట్లాడును, లేకపోతే మానుకొనును. అన్ బ్యుంగ్-ము, సుహ్ నామ్-డోంగ్‌లు ఈ లెక్కకు అందరు. సమష్టి మేలు కొరకు శ్రమించుటయే మనిషికి ఒక ప్రతిఫలమని గ్రంథకర్తయే 1982లో 'షిఫ్టింగ్ ఇన్వాల్వ్‌మెంట్స్' అను గ్రంథములో ఒప్పుకొని, ఈ లోపమును కొంత సరిచేశాడు.

రెండవది, నిష్క్రమణ స్వరమును బలహీనపరచునన్న నియమము అంతటా నిలువదు. దీనిని కూడా ఆయనే 1993లో తూర్పు జర్మనీ పతనముపై వ్రాసిన వ్యాసములో అంగీకరించాడు. అది మార్కెట్ దేశము కాదు గాని పాఠము మనకు పనికి వచ్చును. 1989లో వేలమంది దేశము విడిచి పోతుండగా, లైప్‌జిగ్ పట్టణపు సంత నికోలా దేవాలయములో సోమవారపు ప్రార్థనల నుండి బయలుదేరినవారు తాము ఇక్కడే ఉంటామని కేకలు వేశారు. వెళ్లినవారి ధైర్యము నిలిచినవారి నోరు తెరిపించినది. తన సిద్ధాంతమును తానే సవరించుకొనిన ఈ వినయము పండితులలో అరుదు.

మూడవ లోపమును గ్రంథకర్త సవరించలేదు. మా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. 'లాయల్టీ' ఎవరిపట్ల? ఆయన దానిని సంస్థపట్ల అనుబంధముగా, వెళ్లిపోవుటను ఆలస్యము చేయు ఒక శక్తిగా మాత్రమే చూశాడు. తెలుగులో ఈ పదమును సాధారణముగా 'విధేయత' అని అనువదిస్తాము. విధేయత అనగా చెప్పినట్లు చేయుట. అయితే మన బైబిలు భాషలో మరియొక మాట ఉన్నది: నమ్మకత్వము. నమ్మకమైన దాసుడు యజమానుని సేవకులందరికి తల వంచువాడు కాదు. యజమానుడు అప్పగించినదానిని కాపాడువాడు. అధికారములో ఉన్న మనిషి పట్ల విధేయత ఒకటి, ఆ అధికారము ఎందుకొరకు ఇవ్వబడినదో దాని పట్ల నమ్మకత్వము మరొకటి. నిరంకుశుడు మొదటిదానిని అడిగి, రెండవదానిని రాజద్రోహమని పిలుచును.

4. బేతేలులో జరిగినది

ఈ తేడాను ఆమోసు గ్రంథము 7వ అధ్యాయము చక్కగా చూపుచున్నది. రెండవ యరొబాము కాలములో ఇశ్రాయేలు సంపన్న దేశము. ధాన్యము అమ్ముటకు పండుగ దినము ఎప్పుడు ముగియునా అని ఎదురుచూచే వర్తకులు, చిన్న కొలతలు, దొంగ త్రాసులు 8వ అధ్యాయములో కనబడును. సంత బాగానే నడుచుచున్నది. ఆమోసు మాట మాత్రము రాజునకు పడలేదు.

బేతేలు యాజకుడైన అమజ్యా ఏమి చేశాడో గమనించండి. ముందు రాజునకు కబురు పంపాడు. తరువాత ఆమోసుతో, యూదా దేశమునకు పారిపొమ్మనీ, అక్కడ భోజనము సంపాదించుకొని అక్కడే ప్రవచించుమనీ, బేతేలు రాజు ప్రతిష్ఠించిన స్థలము గనుక ఇక్కడ వద్దనీ చెప్పాడు. అతడు ఆమోసును చంపుమనలేదు, నిష్క్రమణ చూపించాడు. నీ సరుకునకు అక్కడ గిరాకీ ఉన్నది, అక్కడికే పొమ్మన్నాడు. ప్రవక్తను వర్తకునిగా మార్చి చూచుటయే అమజ్యా చేసిన పాపము. ఆమోసు జవాబు కూడా అక్కడనే తగులుచున్నది. తాను వృత్తిచేత ప్రవక్తను కాననీ, పసులకాపరిననీ, మేడిపండ్లు ఏరుకొనువాడననీ చెప్పి, తనను పంపినవాడు వేరని చూపించాడు. ఆయన నమ్మకత్వము రాజు మందిరముతో కాదు, ఆ మందిరపు యజమానునితో.

5. మన సంఘములకు

ఇంతవరకు కొరియాను, బేతేలును విమర్శించుట సులభముగానే ఉన్నది. మా సంగతి కూడా చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఇద్దరు సభ్యులు భవన నిర్మాణపు లెక్కలు అడిగారు. లెక్కలలో దోషమేమియు లేదు. అయినను అడిగిన తీరు మాకు నచ్చలేదు. "ఇష్టము లేనివారు వేరే సంఘమునకు వెళ్లవచ్చును" అని వేదిక మీదనుండి అన్నాము. వారు వెళ్లారు. పట్టణములో సంఘములకు కొదువ లేదు. ఆ తరువాత మా కమిటీ కూటములు ప్రశాంతముగా జరిగినవి. దానిని మేము ఐక్యత అనుకొన్నాము. చాలా కాలమునకు ఈ గ్రంథమును చదివినప్పుడు, ఆ దినమున మేము అమజ్యా మాటనే పలికామని గ్రహించాము.

నేడు మన పట్టణములలో సంఘములు ఒకదానితో ఒకటి పోటీపడుచున్నవి. విశ్వాసి నచ్చకపోతే అడుగడు, మారిపోతాడు. కాపరి లెక్క చెప్పడు, మరొకరిని చేర్చుకొంటాడు. ఇది స్వేచ్ఛవలె కనబడును గాని నైజీరియా రైల్వే స్థితియే. నోరు తెరువని సంఘములో పెరిగిన విశ్వాసి దేశములో నోరు తెరువగలడా? ఏటేటా లెక్కలు సంఘము ముందు చదువుట, ప్రశ్నకు సమయమిచ్చుట, వెళ్లిపోయినవారి ఇంటికి పోయి కారణము అడుగుట – ఇవి చిన్న పనులే. మేము ఆ ఇద్దరి ఇండ్లకు వెళ్లాము. ఒకరు తిరిగి వచ్చారు. రెండవవారు రాలేదు; మమ్ములను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ దినమున తమ పిల్లలు కూడా ఆ మాట విన్నారని మాత్రము చెప్పారు.

ముగింపు

2024 డిసెంబరు 3 రాత్రి కొరియా అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ మరల సైనిక శాసనమును ప్రకటించాడు. కొన్ని గంటలలోనే పార్లమెంటు సభ్యులు సమావేశమై దానిని రద్దు చేయుమని తీర్మానించారు. ప్రజలు భవనము వెలుపల నిలిచారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానము ఆయనను పదవినుండి తొలగించినది. అప్పుడు కూడా సంఘము రెండుగా చీలి, కొందరు కాపరులు అధ్యక్షుని పక్షమున వీధులలో ప్రసంగించారు. ప్రపంచములోని సంపన్న దేశములలో ఒకటైన చోట కూడా ఈ ప్రశ్న ముగియలేదు.

యోహాను సువార్త 6వ అధ్యాయములో అనేకులు వెనుకకు తీసినప్పుడు యేసు ప్రభువు తలుపు మూయలేదు. మీరు కూడా వెళ్లదలచితిరా అని పండ్రెండుమందిని అడిగాడు. తలుపు తెరిచియున్నది గనుకనే పేతురు నిలిచియుండుట నమ్మకత్వమైనది. హిర్ష్‌మన్ గ్రంథము మనకు తలుపు విలువను, మాట విలువను నేర్పుచున్నది. ఎవరియొద్ద నిలువవలెనో అది చెప్పజాలదు. ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత మనది. చెప్పునప్పుడు మనలను ప్రశ్నించువారికి తలుపు చూపకుండుట కూడా మన బాధ్యతయే.