చెల్లెలికి ఎన్ని పైసలు?

మా మనవరాలు పదో తరగతి. మొన్న సెలవుల్లో హిందీ వాచకం పట్టుకొచ్చి నా పక్కన చేరింది. ప్రేమ్‌చంద్ 'ఈద్గాహ్' పాఠం. ముప్ఫై ఏళ్లు హిందీ చెప్పి రిటైరైనదాన్ని, 1933 నాటి ఆ కథ నాకు కంఠతా వచ్చు. తల్లీతండ్రీ లేని నాలుగైదేళ్ల హమీద్ ఈద్ పండక్కి మూడు పైసలతో తిరనాళ్లకి వెళ్తాడు. స్నేహితులు బొమ్మలూ మిఠాయిలూ కొనుక్కుంటుంటే, పెనం దగ్గర నాయనమ్మ వేళ్లు కాలుతున్నాయని గుర్తొచ్చి వాడు ఇనప పట్టకారు కొంటాడు. త్యాగం, పొదుపు, పెద్దల మీద ప్రేమ అని పాయింట్లు రాయించి ఎన్ని బ్యాచ్‌లని దాటించానో నాకే లెక్క లేదు.

"డబ్బు జాగ్రత్తగా ఎలా ఖర్చుపెట్టాలో హమీద్‌ని చూసి నేర్చుకోవాలని రాస్తే చాలా అమ్మమ్మా?" అంది పిల్ల. చాలనే అన్నాను. ఆ పూటకి అంతే. రాత్రి నిద్ర పట్టక పాత సంపుటం తీసి పూర్తి కథ మళ్లీ చదివాను. పిల్లలకి డబ్బు గురించి చెప్పే కథగా దాన్ని చదవడం అదే మొదటిసారి. నేను ఎన్నేళ్లుగా పాఠం తప్పు చెబుతున్నానో అప్పుడు తెలిసింది.

ఈ కథలో లెక్క వచ్చింది హమీద్‌కి కాదు, అమీనాకి. ఫహీమన్ బట్టలు కుట్టి సంపాదించిన ఎనిమిది అణాలు ఈద్ కోసం దాచింది. పాలమనిషి వచ్చి కూర్చునేసరికి అందులోంచి తీయాల్సి వచ్చింది. మిగిలింది రెండణాలు. అణాకి నాలుగు పైసల కాలం కాబట్టి ఎనిమిది పైసలు. మూడు వాడి జేబులో, అయిదు ఆమె సంచిలో. ఆ అయిదింటితోనే పండగ దాటాలి. చాకలామె వస్తుంది, మంగలామె వస్తుంది, ఊడ్చేామె వస్తుంది, గాజులామె వస్తుంది. అందరికీ సేమ్యా పెట్టాలి, ఎవరినీ చిన్నబుచ్చకూడదు. గమనించండి, అమీనా ఖాతాలో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. పని ఇచ్చింది ఆడది, బాకీ అడిగింది ఆడది, పండగ పూట గడప దగ్గర నిలబడేదీ ఆడవాళ్లే. ఊళ్లో మగవాళ్ల డబ్బు వేరే దారిన నడుస్తోంది. తండ్రులు చౌధరీ కాయం అలీ ఇంటికి పరుగులు తీస్తున్నారు. ఆయన మొహం తిప్పుకుంటే పండగే లేదు. మహమూద్ లెక్కపెట్టుకుంటున్న పన్నెండు పైసల్లో, మొహసిన్ పదిహేను పైసల్లో అప్పు ఎంతుందో ఆ పిల్లలకి తెలియదు. ప్రేమ్‌చంద్‌కి తెలుసు, చెప్పాడు కూడా. మనమే ఆ వాక్యాల మీద ఆగం. కథ మొదటి రెండు పేజీల్లోనే ఇంత ఆర్థికశాస్త్రం ఉంటే, దాన్ని 'నేపథ్యం' అని దాటేసి పట్టకారు దగ్గరికి పరుగెత్తుతాం.

పట్టకారు సంగతీ చూద్దాం. దుకాణదారు ఆరు పైసలన్నాడు, అయిదుకి దిగాడు. హమీద్ మూడుకి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఒక ముసలామె ప్రతి పైసాకీ ముందు వెనక చూసుకోవడం చూస్తూ పెరిగిన పిల్లవాడు కాబట్టే ఆ బేరం ఆడగలిగాడని నా నమ్మకం. వాడికి అబ్బిన చదువు ఆమెది. మార్కులు మాత్రం వాడికి వేస్తాం.

ఇంటికొచ్చాక అమీనా మొదట చేసిందేమిటి? తిట్టింది. మధ్యాహ్నం అయిపోయింది, ఏమీ తినలేదు, తాగలేదు, తెచ్చింది పట్టకారా అని. ఆమె మూడు పైసలు ఇచ్చింది వాడు తినడానికి. తర్వాత ఏడ్చిందన్నది నిజమే, ఆ ఏడుపు దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అక్కడ అమీనా చిన్నపిల్ల అయిపోయిందనీ, హమీద్ పెద్దవాడైపోయాడనీ రచయిత అంటాడు. దాన్ని మనం మెచ్చుకోలుగా చదువుకున్నాం. నాకిప్పుడు అది ఫిర్యాదులా వినపడుతోంది. నాలుగేళ్లవాడు పెద్దవాడు కావలసి రావడం పొదుపు పాఠం ఎలా అవుతుంది? ఆకలిగా ఉన్న పిల్లవాడు తినకపోవడాన్ని 'బాధ్యత' అని పేరుపెట్టి, కడుపు నిండిన పిల్లలకి ఆదర్శంగా చూపించాం. నేనూ చూపించాను.

ఇంకొకటి. వాళ్లు పట్టకారు తేగలిగారు గానీ పెనం దగ్గరి మనిషి మారలేదు.

అసలు నన్ను పట్టుకున్న చోటు ఇది కాదు. పట్టకారు కథ ముగిసేలోపు మిగతా పిల్లల బొమ్మలన్నీ విరిగిపోవడం ఉంది కదా, అందులో మొహసిన్ కొన్న భిస్తీ బొమ్మ ఎలా విరిగింది? వాడి చెల్లెలు పరుగెత్తుకొచ్చి లాక్కుంది. సంతోషం పట్టలేక గెంతింది. బొమ్మ జారి ముక్కలైంది. అన్నా చెల్లెళ్లు కొట్టుకున్నారు, తల్లి వచ్చి ఇద్దరికీ చెరో రెండు తగిలించింది. అయిపోయింది. మూడు నాలుగు వాక్యాలు. ఆ పిల్లకి పేరు లేదు.

తిరనాళ్లకి వెళ్లే గుంపులో ఆ పిల్ల లేదు. చేతిలో పైసల్లేవు. పండగ తన దగ్గరికి వచ్చింది అన్న చేతిలోని మట్టిబొమ్మగా మాత్రమే. ఆ బొమ్మతో ఒక్క క్షణం గెంతింది, దానికి దెబ్బలు తింది. ఏది కొనాలో తేల్చుకోవడం, కొన్నది విరిగితే 'అయ్యో రెండు పైసలు' అనుకోవడం, మళ్లీ ఏడు జాగ్రత్తపడడం, డబ్బు గురించి తిరనాళ్ల అంతా నేర్పే ఈ చదువులో ఆమెకి ప్రవేశమే లేదు. ప్రేమ్‌చంద్ ఆ పిల్లని చూశాడు, నవ్వుకోవడానికి చూశాడు. క్లాసులో కథ కుదించి చెప్పేటప్పుడు నేను మొదట వదిలేసేది ఈ ముక్కనే. అందులో 'నీతి' లేదు మరి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా అబ్బాయికి ఆరో తరగతి నుంచి నెలకింత అని చేతికిచ్చేదాన్ని. పారేసుకున్నాడు, అప్పులిచ్చి మోసపోయాడు, నేర్చుకున్నాడు. అమ్మాయికి 'నీకేం కావాలో అడుగు, కొనిస్తాగా' అన్నాను. లోటు చెయ్యలేదు, లెక్కా నేర్పలేదు. ఈరోజు దానికి మంచి జీతం. ఏటీఎం కార్డు అల్లుడి పర్సులో ఉంటుంది. "ఆయనకి ఇవన్నీ బాగా తెలుసమ్మా" అంటుంది. అల్లుడు చెడ్డవాడని చెప్పడం లేదు, ఏ రోజూ లేదనలేదు. అడిగితే ఇస్తాడు.

అమ్మాయి చిన్నప్పుడు, 1980ల్లో, దాని పేరున కొంత సొమ్ము దాచాలని ఒక ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా కాగితం తిప్పి చూసి "నాన్నగారి సంతకం కావాలమ్మా" అన్నాడు. సొమ్ము నాదనీ జీతం నాదనీ చెప్పాను. రూలు అన్నాడు. ఇంటికొచ్చి ఆయన చేత సంతకం పెట్టించుకుని మర్నాడు ఇచ్చేశాను. పోట్లాడాలని తోచలేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1984లో, రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున రిలీఫ్ బాండ్ల కోసం సంరక్షకురాలిగా తాను సంతకం పెట్టి రిజర్వ్ బ్యాంకుకి దరఖాస్తు పంపారు. భర్తకి అభ్యంతరం లేదు, ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమే. తండ్రి సంతకమైనా తెండి, గార్డియన్‌షిప్ సర్టిఫికెట్టయినా తెండి అని జవాబొచ్చింది. 1956 చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, 'తర్వాత' తల్లి. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లారు. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అనే కాదు, ఆయన ఆ బాధ్యత చూడని పరిస్థితుల్లో కూడా అని 1999 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చట్టంలో ఆ మాట మాత్రం కొట్టెయ్యలేదు, అర్థం మార్చి చదివారు. సాహిత్య విమర్శ చేసేవాళ్లకి ఆ తీర్పు తప్పక చదవదగింది. ఒక్క పదాన్ని ఎలా చదువుతామన్నదాని మీద ఎంతమంది తల్లుల సంతకాలు ఆధారపడ్డాయో తెలుస్తుంది.

ఇప్పుడు పదేళ్లు దాటిన పిల్లలు తామే సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు. 2014లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది, 2025లో మళ్లీ స్పష్టం చేసింది. తల్లి సంరక్షకురాలిగా ఉండవచ్చనీ రాసింది. సంతోషం. అదే సమయంలో ఆడపిల్లల కోసమే 2015లో మొదలైన సుకన్య సమృద్ధి చూడండి. మొదట పదేళ్లు నిండితే ఆ పిల్లే ఖాతా నడుపుకోవచ్చన్నారు. 2019 నిబంధనల్లో దాన్ని పద్దెనిమిదికి జరిపారు. పద్దెనిమిది దాటాక పెళ్లి కారణంగా ఖాతా మూసెయ్యొచ్చు. ఆడపిల్ల పొదుపు అనగానే మనకి తట్టే చివరి మజిలీ ఏదో ఆ ఒక్క నిబంధన చెబుతుంది.

మన దగ్గర డబ్బు పాఠం సరైన చోట మొదలైన సందర్భం లేకపోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్లలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సారా గురించిన పాఠం చదివి సారా దుకాణం మీదికి వెళ్లారు. పొదుపు సంఘాలు, రోజుకో రూపాయి దాచడం ఆ తర్వాతి మాట. వాళ్లకి ఎవరూ 'దుబారా చెయ్యకండి' అని చెప్పలేదు. చెయ్యడానికి ఏముంది గనక! మన కూలి ఎటు పోతోంది, ఎవరు పట్టుకుపోతున్నారు అన్నది వాళ్ల మొదటి పాఠం. పిల్లల పుస్తకాల్లో ఆ ప్రశ్న కనపడదు. డబ్బు చేతిలో ఉందనుకునే అవి మొదలవుతాయి.

మనవరాలికి ఆ చెల్లెలి ముక్క చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని "ఆ అమ్మాయికి ఈద్‌కి ఎన్ని పైసలిచ్చారు?" అంది. లేవు అన్నాను. "పరీక్షలో రాయొచ్చా?" అంది. మార్కులు రావన్నాను, నిజమే కదా.

ఈ వ్యాసం సగం రాసి పక్కన పెట్టాక సంక్రాంతి వచ్చింది. పిల్లలిద్దరికీ చెరో అయిదొందలు తీశాను. చిన్నవాడు చెయ్యి చాపితే వాడికి ఇచ్చాను. పిల్ల నోటు మా అమ్మాయి చేతికిచ్చి "దాచిపెట్టు, ఎక్కడైనా పారేస్తుంది" అన్నాను.

"అమ్మమ్మా, తమ్ముడికంటే నేనే పెద్దదాన్ని కదా?" అంది.

మా అమ్మాయి ఆ నోటు మడిచి అప్పటికే అల్లుడికి అందించింది.