దగ్గర నుంచే దూరపు చూపు

రాడార్ కంటికి విమానం ఎంత పెద్దదో దాని పొడవు వెడల్పులు చెప్పవు, అది తిప్పి పంపే తరంగాల బలం చెబుతుంది. ఆ బలాన్ని చదరపు మీటర్లలో కట్టిన లెక్కే రాడార్ క్రాస్ సెక్షన్. ముక్కు వైపు నుంచి ఒక అంకె వస్తే, పక్క నుంచి దానికి ఎన్నో రెట్లు రావచ్చు. అసలు రాడార్ ఈ విమానాన్ని పదుల కిలోమీటర్ల అవతల నుంచి చూస్తుంది. మరి కొలిచేవారు అంత దూరం పోవాల్సిందేనా?

చెరువులో రాయి పడ్డచోట అలలు గుండ్రంగా ఉంటాయి, దూరపు గట్టుకు చేరేసరికి దాదాపు తిన్నని గీతలవుతాయి. రాడార్ తరంగమూ అంతే. దగ్గర్లో తరంగాగ్రం వంపుగా ఉంటే విమానం మధ్యకూ, చివరలకూ అది ఒకే దశలో తగలదు, కొలత తప్పుతుంది. వస్తువు పొడవు వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే కావలసిన కనీస దూరం వస్తుంది. 10 గిగాహెర్ట్జ్ వద్ద 10 మీటర్ల వస్తువుకు అది సుమారు 6.7 కిలోమీటర్లు.

దీనికి మొదటి దారి ఎడారి. అమెరికాలోని న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ ప్రాంతపు రాట్‌స్కాట్ మైదానంలో నమూనాలను స్తంభాల మీద నిలిపి కొలిచారు. స్టెల్త్ విమానం కోసం 1976లో లాక్‌హీడ్, నార్త్‌రప్ సంస్థలు పోటీపడింది అక్కడే. రెండో దారి 1960లలో జార్జియా టెక్‌లో రూపుదిద్దుకున్న కాంపాక్ట్ రేంజ్. అందులో పెద్ద పారాబోలా అద్దం వంపు తరంగాన్ని సమతలం చేస్తుంది. అయితే అద్దం వస్తువు కంటే బాగా పెద్దది కావాలి.

మూడో దారి దగ్గరే కొలిచి, దూరాన్ని లెక్కలో తెచ్చుకోవడం. వస్తువును చుట్టిన ఊహా ఉపరితలం మీద తరంగం బలమూ దశా తెలిస్తే అవతల ఎక్కడైనా దాని రూపం చెప్పవచ్చు. 17వ శతాబ్దంలో శాస్త్రవేత్త హైగెన్స్ వేసిన బాట ఇది. కానీ ఇక్కడ వెళ్లే తరంగం వంపునూ, తిరిగొచ్చే తరంగం వంపునూ రెండింటినీ సరిచేయాలి. నిక్కచ్చిగా చేయాలంటే పంపే యాంటెన్నా నిలిచే ప్రతి చోటుకూ అందుకునే యాంటెన్నాను అన్నిచోట్లా తిప్పాలి. వెయ్యి చోట్లయితే పది లక్షల కొలతలు!

అందుకే ఆచరణలో రెండు యాంటెన్నాలనూ ఒకేచోట ఉంచి, వస్తువునే టర్న్‌టేబుల్ మీద తిప్పుతారు. వస్తువంటే విడివిడిగా మెరిసే బిందువుల గుంపనీ, ఒకదాని ప్రతిధ్వని ఇంకొకదాన్ని తాకదనీ అనుకుంటారు. ప్రతి కోణంలోనూ పౌనఃపున్యాన్ని మెట్లుమెట్లుగా మారుస్తారు. ఆ పరిధి 2 గిగాహెర్ట్జ్ ఉంటే, దూరంలో 7.5 సెంటీమీటర్ల తేడా ఉన్న బిందువులు విడిపోతాయి. తరంగం వంపును లెక్కలోకి తీసుకుని ఈ బిందువుల బొమ్మ కట్టి, దాని మీద సమతల తరంగం పడితే ఏం తిరిగొస్తుందో కూడతారు.

బొమ్మకు ముందు శుద్ధి ఉంది. ఖాళీ గదిని కొలిచి, ఆ ప్రతిధ్వనిని తీసేస్తారు. తర్వాత లోహపు గోళాన్ని కొలుస్తారు. ఎటు తిప్పినా అది ఒకేలా కనిపిస్తుంది, 1908లో ‘మీ’ (Mie) అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం దాని విలువను కచ్చితంగా చెబుతుంది. తెలిసిన ఆ విలువతో పోల్చి మిగతావన్నీ సరిచేస్తారు.

బిందువులు విడివిడి అన్న ఊహ ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టం దగ్గర చెడుతుంది. అందులో దూరిన తరంగం గోడలకు పదేపదే తగిలి ఆలస్యంగా బయటికొస్తుంది, బొమ్మలో విమానం లేనిచోట మెరుపై కూర్చుంటుంది. టర్న్‌టేబుల్ తిప్పేది ఒక్క వలయంలోనే కాబట్టి నిలువు దిశలో వంపు సరికాదు. ఎత్తు తక్కువైన వస్తువులకు ఇది పెద్ద అడ్డంకి కాదు.

ఇన్ని పరిమితులున్నా ఈ పద్ధతి విలువ తగ్గదు. వానకూ, పైనుంచి చూసే ఉపగ్రహాలకూ దూరంగా షెడ్డులోనే కొలత సాగుతుంది. పైగా దూరం నుంచి ఒక్క పౌనఃపున్యంతో కొలిస్తే వచ్చేది మొత్తం ఎంతన్న అంకె, ఈ బొమ్మ చూపేది ఏ అతుకు, ఏ అంచు మెరుస్తోందన్నది. మరమ్మతు చేసేవాడికి పనికొచ్చేది రెండోదే.