టీకా వలన హాని కలిగితే బాధ్యత ఎవరిది? – ఖమ్మం నివేదికపై ఒక విమర్శ

2013 ఆగస్టు 30వ తేదీన పార్లమెంటు ఆరోగ్యశాఖ స్థాయీ సంఘము తన 72వ నివేదికను సమర్పించినది. ఖమ్మం జిల్లాలోను, గుజరాతులోని వడోదర జిల్లాలోను బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసిన పథకములో జరిగినవన్న అక్రమములే దాని విషయము. పార్లమెంటు నివేదికలను ఉపాధ్యాయులు చదువుట అరుదు. కాని దీనిని చదువవలెను. ఇందులో ఆక్షేపణకు గురియైన సంతకములలో అనేకము బడికి, వసతి గృహమునకు చెందినవారివే.

ముందుగా సంగతి తెలిసికొందాము. స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ముఖ్య కారణము హెచ్.పి.వి. అనే వైరసు. దానిని అడ్డుకొనే టీకాను ప్రజలకు ఏ విధముగా అందింపవచ్చునో చూచుటకు పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రెండు రాష్ట్రముల ప్రభుత్వములు కలిసి 2009లో ఒక పథకము ప్రారంభించినవి. ఆనాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో 10 నుండి 14 ఏండ్ల వయసు గల సుమారు 14 వేలమంది బాలికలకు టీకా వేసినారు. రెండు రాష్ట్రములలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినారన్న వార్త వెలువడగా, 2010 ఏప్రిల్‌లో పథకము నిలిచిపోయినది.

నివేదికలో బలమైన భాగము అంగీకార పత్రములను గురించినది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు గలవి. 2,763 పత్రములపై వసతి గృహముల వార్డెన్లు సంతకము చేసినారు. తల్లిదండ్రులు దూరపు గూడెములలో ఉండగా, టీకా వలన లాభమేమి, ప్రమాదమేమి అన్నది వారికి చెప్పినవారెవరు? సంఘము ఈ ప్రశ్నను సూటిగా అడిగినది. పిల్లకు అన్నము పెట్టే అధికారము వార్డెనుకు ఉన్నది. కాని ఆ పిల్ల శరీరమును గురించి అంగీకారమిచ్చే అధికారము దానితోపాటు రాదు. ఈ విషయమును తేటగా చెప్పినందుకు నివేదికను మెచ్చుకొనవలెను.

మరణముల విషయములో మాత్రము నివేదిక మనలను సగము దారిలోనే వదలినది. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు వంటి కారణములు చూపి, ఈ మరణములు టీకా వలన కలిగినవి కావన్నది. లోతైన పరిశోధన చేయకయే అట్లు కొట్టివేసినారని స్థాయీ సంఘము ఆక్షేపించినది. పరిశోధన కావలెననుట న్యాయమే. అయితే ఎంత లోతుగా పరిశోధించినను, కొన్ని జబ్బుల విషయములో ఒక్కొక్క బిడ్డను గురించి విజ్ఞానము నిశ్చయముగా చెప్పలేదు. ఎందుకో ఒక లెక్కతో చూతము.

టీకా లేకపోయినను, పది లక్షలమంది పిల్లలలో నెలకు 20 మందికి ఒక నరముల జబ్బు వస్తుందనుకొందాము. టీకా వేసిన తరువాతి నెలలో 30 మందికి వచ్చినది. అధికముగా వచ్చిన 10 మందికి టీకాయే కారణమని గణాంకశాస్త్రము చెప్పగలదు. కాని ఆ 30 మందిలో ఈ 10 మంది ఎవరు? టీకా వలన వచ్చిన జబ్బుపై వేరు ముద్ర ఏదియు ఉండదు. ఒక్కొక్క బిడ్డ విషయములో టీకా కారణమయ్యే అవకాశము మూడింట ఒక వంతు మాత్రమే. సివిల్ కోర్టు సగము కంటె ఎక్కువ సంభావ్యత కోరుతుంది. కనుక 30 మందియు ఓడిపోతారు. పదిమంది నిజముగా దెబ్బతిన్నారని అందరికి తెలిసియు ఒక్కరికైనను పైసా అందదు. న్యాయస్థానము అడిగే రుజువు వేరు, విజ్ఞానము ఇవ్వగలిగే రుజువు వేరు.

నివేదికలోని రెండవ లోపము ఇక్కడనే ఉన్నది. దాని దృష్టి ప్రధానముగా తప్పు చేసినవారి మీదనే నిలిచినది. ఇది కేవలము పరిశీలన పథకమని పాత్ వాదించినది. ఔషధ ప్రయోగమేనని సంఘము తేల్చినది. ఇది ఉత్త మాటల పేచీ కాదు. 2013 జనవరిలో వచ్చిన నిబంధన ప్రకారము ఔషధ ప్రయోగములో గాయపడినవారికి పరిహారము ఇవ్వవలెను. 2019 నిబంధనలు కూడ ఈ సూత్రమును నిలిపినవి. కాని అదే సూది మామూలు టీకా కార్యక్రమములో పడితే ఈ నిబంధన వర్తించదు. అనగా బిడ్డకు కలిగిన హాని ఒకటే అయినను, పథకమునకు పెట్టిన పేరును బట్టి హక్కు మారుతున్నది. ఎవరి తప్పు లేకుండ హాని కలిగితే ఏమి చేయవలెను? ఆ ప్రశ్నను కూడ నివేదిక అంతే గట్టిగా పట్టుకొని ఉండవలసినది.

ఇతర దేశములు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవి. 1955లో అమెరికాలో కట్టర్ కంపెనీ తయారుచేసిన పోలియో టీకాలో బ్రతికియున్న వైరసు మిగిలిపోయి, దాదాపు 200 మందికి పక్షవాతము వచ్చినది. 10 మంది మరణించినారు. 1958లో అక్కడి జ్యూరీ, కంపెనీ అజాగ్రత్త చూపలేదంటూనే పరిహారము ఇవ్వవలెనన్నది. ఆ దేశము 1986లో ప్రత్యేక శాసనము చేసినది. టీకా నివారించే ఒక్కొక్క వ్యాధికి మోతాదుకు 75 సెంట్ల పన్ను వేసి నిధి కూర్చినారు. ఏ టీకా తరువాత ఎంత కాలములో ఏ జబ్బు కనబడితే టీకాయే కారణమని భావింపవలెనో ఒక పట్టిక వేసినారు. బ్రిటన్‌లో 1979 శాసనము అంత ఉదారమైనది కాదు. టీకాయే కారణమని చూపవలెను. పైగా వైకల్యము 60 శాతమునకు తగ్గితే ఏమియు రాదు. 55 శాతము వైకల్యము గల బిడ్డ తల్లికి ఆ చట్టము ఏమి సమాధానము చెప్పగలదు?

పరిహారమిస్తే జనము టీకాలకు భయపడతారని కొందరంటారు. టీకా వలన ప్రమాదము అరుదు. దాని మేలు మిక్కిలి పెద్దది. హెచ్.పి.వి. టీకా ఆ క్యాన్సరును తగ్గిస్తున్నదని పలు దేశముల అనుభవము చెప్పుచున్నది. కాని ప్రమాదము అరుదైనదే కనుక పరిహారపు ఖర్చు కూడ స్వల్పమే. భయమును పెంచేది పరిహారము కాదు, దాపరికము.

2022 నవంబరులో కోవిడ్ టీకా తరువాతి మరణములను గురించిన కేసులో కేంద్ర ప్రభుత్వము, తనకు బాధ్యత లేదని, బాధితులు సివిల్ కోర్టుకు పోవచ్చునని సుప్రీంకోర్టుకు తెలిపినది. జగిత్యాల జిల్లా మల్లాపూరులో ఒక రైతు, చేను విడిచి, వకీలును పెట్టుకొని, నిపుణులైన డాక్టర్లను సాక్ష్యమునకు తేగలడా? తెచ్చినను, పైన చూపిన లెక్క అతనిని ఓడించును. ఊరందరి రక్షణ కొరకు వేసిన టీకా వలన ఒక్క ఇంటికి నష్టము వస్తే, దానిని ఊరందరు కలిసి భరించుట ధర్మము. తప్పు రుజువు కోరని నిధి, బహిరంగమైన పట్టిక, నిర్ణీత గడువు – శాసనమునకు ఈ మూడును ఉండవలెను.

ఉపాధ్యాయులు టీకా బృందమునకు సహకరింపవలసినదే. అయితే అంగీకార పత్రము చేతికి వచ్చినపుడు దానిని తల్లిదండ్రుల యొద్దకు పంపి, వారి భాషలో వివరింపవలెను. హాని జరిగితే ఎవరికి తెలుపవలెనో, ఎవరు ఆదుకొంటారో అందులో వ్రాసియున్నదా అని చూడవలెను. వ్రాసియుండకపోతే సంతకమునకు ముందే అడుగవలెను.