ఫ్లమెంకో: పన్నెండు మాత్రల పట్టు

ఫ్లమెంకో అనగానే ఎర్ర గౌను, తలలో గులాబీ, చేతుల్లో కాస్టనెట్లు గుర్తొస్తాయి. అది ఎక్కువగా పర్యాటకుల కోసం అచ్చేసిన బొమ్మ. దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో, సెవిల్, హెరెస్, కాదిస్ ఊళ్ళలో, ఈ కళ తెలిసినవాళ్ళు ముందు చూసేది లయనే. దాన్ని వాళ్ళు ‘కొంపాస్’ అంటారు. అది తప్పితే ఎంత అందంగా ఆడినా లాభం లేదు.

‘సొలెయా’ అనే రకం చూడండి. ఆవర్తానికి 12 మాత్రలు. ఊనిక మాత్రం 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. మూడేసి మాత్రల నడక రెండుసార్లు, వెంటనే రెండేసి మాత్రల నడక మూడుసార్లు. ఒక్క ఆవర్తంలోనే నడక మారిపోతుందన్నమాట! మన మృదంగ విద్వాంసులు ఇష్టంగా తల ఊపే లెక్క ఇది. ఇదే చట్రాన్ని పరుగెత్తిస్తే ‘బులెరియా’; ఇళ్ళలో వేడుకలకు అదే ఊపు.

బూట్ల ముందు భాగానా మడమ కిందా చిన్న మేకులు దిగ్గొట్టి ఉంటాయి. పాదమంతా వేస్తే ఒక నాదం, మడమకు ఒకటి, మునివేళ్ళ కొసకు మరొకటి. కాళ్ళు ఎంత జోరుగా నడిచినా భుజాలు అదరకూడదు. మణికట్ల దగ్గర తిరిగే చేతులకు ఆ తొందర అంటకూడదు. ఏళ్ళ తరబడి సాధన చేస్తే తప్ప ఈ నిబ్బరం రాదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇందులోని పెత్తనం. కూచిపూడిలో నట్టువాంగం చేసేవారు ఆటను నడిపిస్తారు. ఇక్కడ ఆడేవాళ్ళే పాటనూ గిటారునూ నడిపిస్తారు. నర్తకి గట్టిగా ఒక అడుగుల వరుస వేసి ఆగిందంటే, పాటగాడు అందుకోవాలి. అతను పాడుతున్నంతసేపూ ఆమె కాళ్ళు తగ్గించాలి. మాటల మీద అడుగులు కొట్టడం మర్యాద కాదు. పాట ఆగాకే కాళ్ళ వంతు. చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా పాటప్పుడు అరచేతులు గుల్లచేసి మెత్తగా, జోరందుకున్నాక వేళ్ళతో ఫెళ్ళున కొడతారు.

కథక్ నుంచే ఇది పుట్టిందని మనవాళ్ళు కొందరు గొప్ప చెప్పుకుంటారు. స్పెయిన్‌కు 15వ శతాబ్దంలో చేరిన గితానోల (అక్కడి రోమా జనం) పూర్వీకులు వాయవ్య భారతం వాళ్ళే, నిజమే. కానీ వాళ్ళు ఇక్కడి నుంచి కదిలి దాదాపు వెయ్యేళ్ళయింది. నేటి కథక్ రూపం అంత పాతది కాదు. గితానోల పాటా స్థానికుల పాటా కలిసి ఫ్లమెంకో రూపుకట్టింది అండలూసియా గడ్డ మీదే. ఆ ఘనత వాళ్ళకే వదిలేద్దాం.

బార్సిలోనా గితానో పేటలో పుట్టిన ఫ్లమెంకో నర్తకి కార్మెన్ అమాయా, మగవాళ్ళ సొత్తుగా చెలామణీ అయిన ఉధృతమైన కాళ్ళ పనిని ప్యాంటు తొడుక్కుని మరీ ఆడి చూపించింది. ‘లోస్ తరాంతోస్’ సినిమాలో ఆమె ముందు బల్ల మీద వేళ్ళ కణుపులతో లయ కొట్టి, తర్వాత లేచి ఆడుతుంది. అప్పటికే మూత్రపిండాల జబ్బు ముదిరింది. 1963 నవంబరులో చనిపోయింది. ఆ ఘట్టం దొరికితే ఒకసారి కళ్ళు మూసుకుని వినండి, తర్వాత చూడండి.