కాందిశీకుల స్మృతిశాలలు: ఒక విమర్శ

కాందిశీకుడను మాట మన పత్రికలలో తరచుగా కనబడునదే గాని, దాని పుట్టుకను తలచువారు తక్కువ. సంస్కృతమున ‘కాం దిశమ్’ అనగా ‘ఏ దిక్కునకు’ అని యర్థము. ఏ దిక్కునకు పోవలయునో తోచక భయముచే పరుగిడువాడు కాందిశీకుడు. శరణార్థి యను మాట యాతడు కోరుదానిని చెప్పును. రెఫ్యూజీ యను ఆంగ్లపదము ఆతడు చేరిన చోటును సూచించును. కాందిశీకపదమొక్కటియే యాతడు ఇల్లు విడిచిన క్షణమును, ఆ క్షణమున నోట వెడలిన ప్రశ్నను పట్టి యుంచినది.

మ్యూజియమను మాటకును ఇట్టి చరిత్రయే కలదు. అది గ్రీకుల కళాదేవతలైన మ్యూజుల నివాసమునకు పేరు. ఆ దేవతల తల్లి స్మృతిదేవత. కావున మ్యూజియమనగా స్మృతి బిడ్డల యిల్లు. మనము దానిని వింతవస్తువుల కొట్టుగా చేసికొని, పిల్లలను సెలవుదినమున తీసికొనిపోయి, కత్తులను కిరీటములను చూపి తీసికొనివచ్చుచున్నాము. కాందిశీకులను నిలిపిన శిబిరమే స్మృతిశాలగా మారినచో నందేమి యుండవలయును? ఈ ప్రశ్న మన జిల్లావారికి పరాయిది కాదని చూపుటయే యీ వ్యాసము యొక్క పని.

కావ్యమును విమర్శించునట్లే ప్రదర్శనశాలను గూడ విమర్శింపవచ్చును. దానికిని నాయకుడుండును, కథయుండును, చెప్పక దాచిన మాటయు నుండును. శిబిరస్మృతిశాలను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలయునని నా యభిప్రాయము. ఇందు నాయకుడెవడు, ఆశ్రయమిచ్చిన ప్రభుత్వమా, ఆశ్రయము కోరిన మనుష్యుడా? తలుపువద్ద నాతనిని ఏమి యడిగిరో చూపినారా? లోనికి రానీయబడనివాని మాట యెక్కడనైన నున్నదా?

ఇట్టి శాలలలో పేరెన్నికగన్నది బెర్లిను నగరమున మెరీన్‌ఫెల్డే యను చోట నున్నది. జర్మనీ రెండుగా చీలియున్న కాలమున, తూర్పు భాగమునుండి పారివచ్చువారిని చేర్చుకొనుటకై 1953 ఏప్రిలులో నక్కడ శిబిరమును తెరచిరి. 1990 వరకు పదమూడున్నర లక్షలమంది దానిగుండా నడచిరి. వచ్చినవాని చేతికి మొదట నొక చీటి నిచ్చెడివారు. వైద్యపరీక్ష మొదలు మిత్రరాజ్యముల గూఢచారుల ప్రశ్నలవరకు, ఒక్కొక్క గదిలో నొక్కొక్క ముద్ర వేయించుకొని, యా చీటి నిండిన పిమ్మటగాని యాతని దరఖాస్తు తేలెడిది కాదు. మొదటి సంవత్సరములలో, ప్రాణభయము వంటి బలమైన కారణమును చూపలేని పలువురకు అనుమతి దొరకలేదు. 2005లో నచ్చట ఏర్పడిన శాశ్వతప్రదర్శనములో ప్రయాణపు పెట్టెలతో పాటు ఆ చీటికిని చోటిచ్చిరి.

ఆ చీటి యుండుటయే దాని గొప్పతనమని నేను తలచెదను. పెట్టెను చూచినవానికి జాలి కలుగును. చీటిని చూచినవానికి ఆలోచన కలుగును. దయగల ప్రభుత్వము గూడ మనుష్యుని వరుసలో నిలిపి యెట్లు తూచునో యా చిన్న కాగితము చెప్పును. అయిన నట్టి శాలకొక ప్రమాదము కలదు. రెండు రాజ్యముల పోటీలో గెలిచినవారు తమ గెలుపునకు సాక్షిగా కాందిశీకుని నిలువబెట్టుదురు. ఆతని బ్రదుకు వారి విజయస్తంభమునకు పీఠమగును. మెరీన్‌ఫెల్డేలో నీ ప్రమాదమునకు కాలమే విరుగుడు తెచ్చినది. 2010 చివరనుండి యా శిబిరపు ఇండ్లు మరల నితరదేశముల కాందిశీకులకు వసతులైనవి. నాటి కాందిశీకునికై కన్నీరు పెట్టి వెలుపలికి వచ్చిన ప్రేక్షకునకు నేటి కాందిశీకుని బిడ్డ యెదురుపడును. ఆ కన్నీటి విలువ యక్కడ తేలిపోవును.

ఇక మన కథకు వత్తము. మా చోడవరము 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. ఈ సీమలోని వృద్ధులు రంగూనును రంగమందురు. ‘రంగము పోయినాడు’ అన్నమాట మన తీరమంతటను వినబడెడిది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల పేదలు మేస్త్రీల వద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఆ యప్పు తీర్చుటకై యోడలెక్కి పోయి, రంగూను రేవులో బరువులు మోసిరి, బియ్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. కోరంగి రేవు పేరున వారిని కోరంగీలని పిలిచెడివారు. 1931 నాటి జనాభా లెక్కలలో రంగూను నివాసులలో సగముకంటె నెక్కువమంది భారతీయులే. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగిసి, వారి స్థానమున చేర్చిన బర్మీయులను తొలగింపగా, రెండు జాతుల పేదలు నొకరినొకరు చంపుకొనిరి. లాభము కుదిరినది వేరొకరికి, కత్తిపోట్లు వీరికి.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరకనివారు అరకాను దారిని, మణిపురపు కొండదారిని, హుకాంగు లోయదారిని కాలినడకను బయలుదేరిరి. ఆ సంవత్సరము బర్మాను విడిచిన భారతీయులు నాలుగైదు లక్షలని చరిత్రకారుల యంచనా. కలరాచేతను మలేరియాచేతను ఆకలిచేతను దారిలో కూలినవారు వేలకొలది. ఆ దారులలో సైతము తెల్లవారికొకటి, నల్లవారికొకటి యను భేదమును పాటించిరి. హ్యూ టింకరను చరిత్రకారుడు 1975లో నీ యాత్రనుగూర్చి వ్రాసిన వ్యాసమునకు పెట్టిన పేరులోనే ‘మరచిపోయిన’ అను విశేషణమును చేర్చెను. అది మనకు తగిన మందలింపు.

అదే 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను బాంబులు పడినవి. నాటి బాంబు నొకదానిని విశాఖ సముద్రతీరమున, పాత డచ్చి బంగళాలో 1991లో నెలకొల్పిన మ్యూజియమున నేడును చూడవచ్చును. దానిని భద్రపరచుట మెచ్చదగిన పనియే. కాని బాంబు తనంతట తాను సగము కథనే చెప్పగలదు. ఆ యుద్ధము మన యూరిపై నొకదినము పడినది. రంగమునుండి నడచివచ్చిన మనవారిపై నెలల తరబడి పడినది. ఇనుమునకు అద్దపుపెట్టె దొరకినది. ఆ నడకకు దొరకవలసిన యద్దపుపెట్టె యెక్కడ?

యుద్ధానంతరము మరల రంగము చేరినవారికి రెండవ విపత్తు 1964లో వచ్చెను. 1962లో నధికారమును చేజిక్కించుకొన్న నెవిను సేనాని ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, ఆ 1964 మే నెలలోనే యేబది, నూరు చట్ల నోట్లను చెల్లవని ప్రకటించెను. లక్షలకొలది భారతీయులు దాదాపు వట్టిచేతులతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెపు దాపుననున్న బర్మా క్యాంపునకు ఆ పేరు అట్టివారివలననే కలిగినది. చెన్నపట్టణమున 1969లో స్థాపించిన రెప్కో బ్యాంకు, బర్మా సింహళములనుండి వచ్చినవారి పునరావాసము కొఱకై పుట్టినదే. సర్కారు వీరికి పెట్టిన పేరు ‘స్వదేశమునకు మరలివచ్చినవారు’ అని. కాని వీరిలో ననేకులు బర్మాలోనే పుట్టినవారు. ఎన్నడును చూడని యూరికి ‘మరలి’ వచ్చుట యెట్లు? ఇట్టి మాటను పరిశీలించుటయు స్మృతిశాల పనియే.

బర్మా క్యాంపున మెరీన్‌ఫెల్డే వంటి శాల లేదు. పేరు మాత్రము మిగిలినది. బస్సు ఎక్కువాడును దిగువాడును దానిని రోజును పలుకుచున్నాడు. “జర్మనీ ధనవంతుల దేశము; మనకిట్టివి సాధ్యములా?” యని కొందరనవచ్చును. మారిషసు చిన్న ద్వీపము. అచ్చట పోర్టు లూయీ రేవున కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాటును కాపాడుకొనిరి. 2006లో నది ప్రపంచవారసత్వస్థలమయ్యెను. ఆ పదునారు మెట్లపై మన తెలుగుల పాదములును పడినవి. కూలీయై దిగినవాడు కాందిశీకుడు కాడన్న మాట నిజమే. అయినను పేదవాని రాకపోకలు చరిత్ర యగునని యొక చిన్న దేశము ఒప్పుకొన్నది. మనకు కొరవడినది ధనమే యని నేను నమ్మజాలను. రాజు పల్లకి చరిత్ర యనియు, కూలివాని పెట్టె చెత్త యనియు మన మనస్సులలో పాతుకొన్న భేదబుద్ధియే యసలు లోపము.

అట్టి శాల యొకటి యేర్పడినచో నందు జాలి యొక్కటియే చాలదు. చెల్లని నూరు చట్ల నోటు ప్రక్కన మేస్త్రీ యప్పుపత్రము నుండవలయును. ఏలయన మన కూలీని మొదట కట్టివేసినది మనవాడే. వడ్డీవ్యాపారుల చేతికి పొలములు పోయిన బర్మా రైతు కోపమును చెప్పవలయును. అది చెప్పనిచో బర్మీయుడు కారణములేని రాక్షసుడుగా కనబడును. పురుషుల రేవుపనులతో పాటు, క్రొత్త యూరిలో పొయ్యి రాజేసి కాపురమును నిలిపిన స్త్రీల మాటయు వినబడవలయును. వచ్చినవారిని ‘బర్మావారు’ అని దూరముగా నుంచిన యిరుగుపొరుగు లున్నచో, వారును తమ ముఖము నందు చూచుకొనవలయును. మెరీన్‌ఫెల్డే చీటి నేర్పిన పాఠమిదియే.

1964లో పదియేండ్ల బాలుడైనవాడు నేడు డెబ్బది దాటినవాడు. 1942 నడకను కన్నులార చూచినవారు బహుకొద్దిమంది. శాల కట్టుటకు సర్కారు ఉత్తరువు కావలసియుండవచ్చును. జ్ఞాపకమును వ్రాసికొనుటకు కావలసినది నోటుపుస్తకము మాత్రమే. ఈ పత్రికను చదువు గృహస్థులలో ఎవరి యింటనైన అటకమీద రంగమునుండి వచ్చిన పెట్టెయో, ఓడ టిక్కెట్టో, గుర్తింపు కాగితమో యున్నచో, ఈ పండుగకు ఇల్లు దులుపునప్పుడు దానిని పాతసామానువానికి వేయకుందురు గాక. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, ఏ యూరినుండి, ఏ నెలలో, ఎవరితో వచ్చితిరని పిల్లలచేత అడిగించి, చెప్పినది చెప్పినట్లు వ్రాయింతురు గాక. ఏ దిక్కునకు పోవుదునని యడిగినవానికి మన యూరు ఒకనాడు చోటిచ్చినది. ఆ ప్రశ్నకును ఆ చోటునకును సాక్ష్యము మన యటకలమీదనే యున్నది.