గొలుసు కుదరని చోట పట్టు దొరకదు

పరిగికీ కొడంగల్‌కీ మధ్యనున్న బొంరాస్‌పేట చుట్టుపక్కల ఊళ్ళల్లో కబడ్డీ అంటే నేటికీ సున్నం గీతలు గీసిన మట్టి కోర్టే. సంక్రాంతికో జాతరకో మైకు కట్టి ఆడించే పోటీల చివర బెస్ట్ రైడర్, బెస్ట్ క్యాచర్ అని రెండు బహుమతులు ఇవ్వడం ఆనవాయితీ. మొదటిది ఎవరికి వస్తుందో ఊరంతా ముందే చెప్పేస్తుంది. రెండో పేరు పిలిచే వేళకు సగం జనం ఇంటి దారి పట్టి ఉంటారు. ఆట తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయన మాత్రం ఆ రెండో పేరు కోసమే ఆగుతాడు.

ఆయన ఆగడంలో న్యాయం ఉంది. కూతకు వెళ్ళేవాడు ఒంటరి. గెలిచినా ఓడినా అతని లెక్క అతనిదే. అతన్ని పట్టాల్సిన ఏడుగురి లెక్క అలా కాదు. ఎవరు ముందు కదలాలి, ఎవరు ఆగాలి, ఎవరి చేయి ఎవరి చేతిలో ఉండాలి, ఒకడు కింద పడితే అతని మీదుగా ఎవరు దూకాలి అన్నవన్నీ కూత మొదలవకముందే తేలిపోవాలి. కాలేజీ జట్ల దగ్గర ఈ తేల్చుకోవడమే కరువైంది. టీవీలో చూసిన డిఫెన్స్‌ను తెచ్చి మైదానంలో నిలబెడుతున్నారు. అది తమ ఏడుగురికి నప్పుతుందా అని అడిగే నాథుడు లేడు.

ముందు కొలతలు చూడాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక జట్టు కాచుకోవాల్సిన సగం ఆరున్నర మీటర్లు. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మీటరు అవతల బోనస్ గీత. రెండు పక్కలా మీటరు చొప్పున లాబీలు. ఒంటికి ఒళ్ళు తగిలేదాకా అటు అడుగు పెట్టకూడదు. అంటే ఏడుగురు కాచుకునే వెడల్పు 8 మీటర్లు, రైడర్‌కు ఉన్న సమయం 30 సెకన్లు. అతను పట్టు విడిపించుకుని ఒక్క వేలు నడిగీతకు ఆనించినా చాలు, అతన్ని తాకిన వాళ్ళంతా బయటికి నడవాల్సిందే. తొందరపడి దూకిన ఒక్క చేయి ముగ్గురి కొంప ముంచుతుంది.

అందుకే కార్నర్ ఆటగాడికి అన్నిటికన్నా ముందు ఓపిక నేర్పాలి. చేతులు కలిపి నిలబడే డిఫెండర్ల గొలుసుకు ఇటు చివరా అటు చివరా ఉండేది కార్నరే. పక్కనున్న ‘ఇన్’ ఆటగాడి చేయి పట్టుకుని, కాస్త వెనక్కి, ఎండ్ లైన్ దగ్గరగా నిలబడతాడు. రైడర్ ముఖం చూడడు, చేతులూ చూడడు. చేతులు అబద్ధాలాడతాయి. నడుము ఎటు వాలుతోంది, బరువు ఏ కాలి మీద పడుతోంది, ఇదొక్కటే చూస్తాడు. బోనస్ కావాలంటే రైడర్ ఒక కాలు గీత అవతల మోపి, రెండో కాలు గాల్లో ఉంచాలి. ఆ క్షణాన ఒళ్ళంతా ఒంటికాలి మీదే ఉంటుంది. కార్నర్ కిందికి వాలేది అప్పుడే. రెండు చేతులూ చీలమండ చుట్టూ బిగించి, ఆ కాలిని తన ఛాతీకి అదుముకుని పైకి లాగుతాడు. అర క్షణం ముందు దూకితే కాలు ఇంకా గాల్లోనే ఉంటుంది, రైడర్ దాన్ని వెనక్కి లాక్కుని వెళ్ళిపోతాడు. అర క్షణం ఆలస్యమైతే అతను వెనుదిరిగి ఉంటాడు. మట్టి కోర్టు పక్కన కూర్చున్న పాత ఆటగాళ్ళు “జర ఆగు తమ్మీ, కాలు పడనియ్యి, పడనియ్యి” అని అరిచేది ఈ అర క్షణం కోసమే.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ళ పేర్లు చెప్పుకుంటే నోరు తీపెక్కుతుంది. తమిళనాడు వాడైన ధర్మరాజ్ చేరలాతన్ కుడి కార్నర్ మేటి. నలభై దాటాక 2016లో పట్నా పైరేట్స్‌కు కెప్టెన్‌గా ప్రొ కబడ్డీ లీగ్ కప్పు గెలిచి పెట్టాడు. కుర్రకారు ఆటలో ఆ వయసువాడు నిలబడ్డాడంటే కాళ్ళ బలంతో కాదు, చూపు బలంతో. 2015లో యు ముంబా విజేత అయినప్పుడు సురేందర్ నాడా, మోహిత్ ఛిల్లర్ చెరో కార్నర్ కాశారు. వాళ్ళ మధ్యకు వెళ్ళడం రైడర్లకు గండమే. ఇరాన్‌కు చెందిన ఫజల్ అత్రాచలి ఎడమ కార్నర్‌లో నిలబడి ప్రొ కబడ్డీలో 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన మొదటి ఆటగాడయ్యాడు. ఒక డిఫెండర్‌కు కోటి రూపాయల ధర పలకడం కూడా 2018లో అతనితోనే మొదలు.

కార్నర్ పట్టింది సగం పట్టే. మిగతా సగం గొలుసు మధ్యలో నిలబడే కవర్ల చేతిలో ఉంటుంది. చీలమండ చిక్కిన రైడర్ ముందుకు పడి నడిగీతను అందుకోవాలని చూస్తాడు. ఆ దారికి అడ్డం నిలిస్తే బ్లాక్, పక్కనుంచి భుజంతో తోసి కోర్టు బయట పడేస్తే డ్యాష్, తొడలు చుట్టేసి ఎత్తేస్తే థై హోల్డ్. జీవా కుమార్ బ్లాక్‌ను చూసినవాడు మరిచిపోడు. అడ్డం నిలిచినట్టే ఉండదు, రైడరే వచ్చి గోడకు కొట్టుకున్నట్టుంటుంది. ఇంత పనితనం ఉన్నా ఆ పేరు మన పిల్లలకు తెలియదు. ‘ఒక్కడు’ అయినా ‘భీమిలి కబడ్డీ జట్టు’ అయినా మన సినిమా కెమెరా కూత వెంటే పరిగెత్తింది. పట్టినవాడికి పేరు పెట్టలేదు.

ఇక చరిత్ర అంటారా? కబడ్డీ పద్మవ్యూహం నుంచి పుట్టిందని పెద్దలు చెబుతారు. ఆ మాట నిజమో కాదో గానీ, అక్కడా అభిమన్యుడి కథే మిగిలింది, వ్యూహం పన్నినవాళ్ళ పనితనం ఎవరికీ పట్టలేదు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో ఆటకు చోటు దక్కింది. 2014లో ప్రొ కబడ్డీ వచ్చింది. పెద్ద పోటీల్లో మట్టి పోయి మ్యాట్ వచ్చింది, కాళ్ళకు బూట్లు వచ్చాయి.

ఇవన్నీ ఎలా ఉన్నా అసలు ప్రశ్న వ్యూహం ఆటగాళ్ళకు నప్పడం గురించి. దానికి తెలుగువాళ్ళ ముందున్న పెద్ద పాఠం ప్రొ కబడ్డీలోని తెలుగు టైటన్స్. మన జట్టు కాబట్టి కడుపు కోసుకుని చెప్పాలి. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. 2022లో రెండు. 2023-24లో మళ్ళీ రెండే. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మొదటి ఏడాదికి, మూడో ఏడాదికి సాకులు దొరుకుతాయి. మధ్యలో ఉన్న 2022కు మాత్రం దొరకవు. ఆ ఏడాది టైటన్స్ డిఫెన్స్‌ను కాగితం మీద రాసి చూస్తే కళ్ళు చెదురుతాయి. ఎడమ కార్నర్‌కు విశాల్ భరద్వాజ్, కుడి కార్నర్‌కు ‘హాక్’ అని పేరుపడ్డ రవీందర్ పహల్, కవర్లకు సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైంస్వాల్. నలుగురూ నలుగురే. ఏ జట్టైనా వీళ్ళలో ఇద్దరు దొరికితే చాలనుకుంటుంది. అలాంటిది జోడు కుదరని ఎద్దులను కట్టిన నాగలిలా తయారైంది వ్యవహారం. నలుగురికీ ముందు కదిలే అలవాటే, ఆగే అలవాటు ఒక్కరికీ లేదు. కార్నర్ వాలేసరికి కవర్ తన పట్టు కోసం తాను బయల్దేరి ఉండేవాడు. ఆ సందులోంచి రైడర్ నడుచుకుంటూ పోయేవాడు.

పర్వేశ్ సంగతే చూడండి. అతను పేరు తెచ్చుకున్నది గుజరాత్ జట్టులో, సునీల్ కుమార్ పక్కన. 2017లో కొత్తగా వచ్చిన ఆ జట్టు కార్నర్లలో ఫజల్, అబోజర్ మిఘానీ నిలబడితే, కవర్లలో ఈ జోడీ నిలిచింది. మొదటి సీజన్‌లోనే ఫైనల్ చేరింది. మరుసటి ఏడాది ఫజల్, అబోజర్ ఇద్దరూ వెళ్ళిపోయినా మళ్ళీ ఫైనల్ చేరిందంటే, అది ఈ కవర్ జోడీ పుణ్యమే అనాలి. తర్వాత జోడీ విడిపోయింది. 2022లో పర్వేశ్ మన దగ్గర, సునీల్ జైపూర్‌లో. అదే సీజన్‌లో సునీల్ కెప్టెన్‌గా జైపూర్ కప్పు ఎత్తుకుంది. ఆ జట్టు ఎడమ కార్నర్‌లో అంకుశ్ అనే కుర్రాడు 89 ట్యాకిల్ పాయింట్లతో సీజన్‌లో అందరికన్నా ముందున్నాడు. మనవాళ్ళు పేర్లు కొన్నారు, వాళ్ళు గొలుసు అల్లుకున్నారు. వేలంపాట మోజుకు దండం పెట్టాలి. 2023లో పవన్ సెహ్రావత్ అనే గొప్ప రైడర్‌ను రెండు కోట్ల అరవై లక్షల పైచిలుకుకు తెచ్చారు. అప్పటికి ప్రొ కబడ్డీలో అదే రికార్డు ధర. గెలుపులు మాత్రం మళ్ళీ రెండే! రైడర్ ఎంత తెచ్చినా వెనకాల చిల్లు పడ్డ కుండలో నీళ్ళు నిలవవని ఇంతకన్నా రుజువు కావాలా?

వ్యూహం ఒంటికి నప్పాలన్న ఈ రహస్యం ఇరాన్ వాళ్ళు మనకన్నా ముందే పట్టారు. కుస్తీ నేర్చిన ఒళ్ళు వాళ్ళవి. పట్టు వాళ్ళకు చిన్ననాటి అలవాటు. కబడ్డీలో వాళ్ళు మన రైడర్లను అనుకరించే పనికి పోలేదు, తమ ఒంటికి నప్పిన ఆటనే కట్టుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో భారత్‌ను 27-18తో ఓడించారు. అప్పటిదాకా ఆసియా క్రీడల పురుషుల కబడ్డీలో బంగారం తప్ప మరో పతకం ఎరుగని దేశం ఆ రోజు మొత్తం మ్యాచ్‌లో 18 పాయింట్ల దగ్గరే ఆగిపోయింది.

టైటన్స్‌కు కృష్ణ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక గాలి మారింది. 2024లో 12 మ్యాచ్‌లు గెలిచారు. 2025లో ప్లేఆఫ్స్ చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణెరి పల్టన్ చేతిలో ఓడారు. అప్పుడు ఎడమ కార్నర్‌లో అంకిత్, కుడి కార్నర్‌లో శుభం షిండే. వేలంలో హోరెత్తించిన పేర్లు కావు, కానీ ఒకరి వెనక ఒకరు కదలడం తెలిసినవాళ్ళు. జట్టులో మన ఊళ్ళ కుర్రాళ్ళు ఎందరన్నది వేరే బాధ. పేరులో ఉన్న తెలుగు కోర్టులో ఇంకా కనిపించాల్సినంత కనిపించడం లేదు.

అలా కనిపించాలంటే దారి కాలేజీల నుంచే పడాలి. అక్కడ జరుగుతున్నది చూస్తే కోపం వస్తుంది. ఇంటర్ కాలేజీ పోటీలకు వారం ముందు సెలక్షన్ పెడతారు. నలుగురు రైడర్లను తీసుకుని మిగిలిన చోట్లలో మిగిలినవాళ్ళను నింపుతారు. కార్నర్‌లో నిలబడ్డ కుర్రాడు ఫోన్‌లో చూసిన డైవింగ్ యాంకిల్ హోల్డ్ వేయబోతాడు. ఆ వీడియోలో ఉన్నది మ్యాట్, ఇక్కడున్నది రాళ్ళు తేలిన నేల. మోచేతుల చర్మం ఊడుతుంది, మోకాలు వాస్తుంది, రైడర్ నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. వీడియోలో ఆ కార్నర్ దూకక ముందు పక్కనున్న కవర్ ఎటు జరిగాడో వీడు చూడలేదు, ఎందుకంటే అది హైలైట్లలో పెట్టరు. నకలు కొట్టింది దూకుడును, వదిలేసింది ఆటను. ఇలాంటి నకిలీ డిఫెన్స్‌కు చప్పట్లు కొట్టే వ్యాయామ అధ్యాపకులు (పీడీలు) కూడా ఉన్నారు, అది మరీ విడ్డూరం.

ఈ ప్రాంతపు కాలేజీ జట్టుకు నప్పేది వేరు. పొలం పని చేసి వచ్చే అరవై కిలోల కుర్రాడిని కవర్‌లో నిలబెట్టి, ఎనభై కిలోల రైడర్‌ను ఎదురొడ్డి బ్లాక్ చేయమంటే ఎలా? సీనియర్ పురుషుల విభాగంలో 85 కిలోల దాకా బరువు చెల్లుతుంది. అవతల జట్టు ఆ బరువుతోనే వస్తుంది. తేలికపాటి జట్టుకు దిక్కు గొలుసే. ఇద్దరిద్దరు చేతులు కలిపి అటూ ఇటూ జరుగుతూ రైడర్‌ను కార్నర్ వైపు తోలాలి. బోనస్ ఆశ చూపించి కాలు వేయించాలి. ఒకడు కాలు పడితే రెండోవాడు నడుము, మూడోవాడు దారి. విడిగా ఎవరూ దూకకూడదు. బలమైనవాళ్ళు ఇద్దరే ఉంటే వాళ్ళిద్దరినీ కవర్లుగానే ఉంచాలి, రైడింగ్ మోజుతో వాళ్ళను అలసిపోనివ్వకూడదు. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ను పట్టుకుంటే అదనంగా ఒక పాయింటు వస్తుంది, అదే సూపర్ ట్యాకిల్. చిన్న జట్లు ఓడే మ్యాచ్‌ను తిప్పుకునేది అక్కడే. కానీ ముగ్గురితో పట్టడం ఎన్ని కాలేజీలు విడిగా సాధన చేయిస్తున్నాయి?

ఇదంతా వారం రోజుల పని కాదు. వికారాబాద్, తాండూరు, కొడంగల్ కాలేజీల పీడీలు జులైలో అడ్మిషన్లు అయ్యీ కాకముందే కార్నర్ జతను, కవర్ జతను ఎంచి పెట్టుకోవాలి. ఆ నలుగురినీ డిగ్రీ అయ్యేదాకా విడదీయకూడదు. రైడర్లను తర్వాత వెతుక్కోవచ్చు, వాళ్ళకు ఏ ఊళ్ళోనూ కరువు లేదు. కాలేజీకి మ్యాట్ కొనే స్తోమత లేకపోతే రాళ్ళు ఏరించి, మట్టి జల్లించి, నీళ్ళు చల్లించి కోర్టు చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు మన జట్లు వెళ్ళినప్పుడు స్కోరుబోర్డులో రైడ్ పాయింట్లు కాదు, ట్యాకిల్ పాయింట్ల గడి చూసి ఆ పీడీల పనిని లెక్కకట్టాలి.