దానం ఎవరిది, లెక్క ఎవరిది?

పోయిన సంవత్సరం ఒక కళాశాల వారు విద్యార్థులకు కథల పోటీ పెట్టి, న్యాయనిర్ణేతలు ముగ్గురిలో నన్నొకడిగా కూర్చోబెట్టారు. విషయం వారే నిర్ణయించారు: "పేదలకు మనం చేయగల సాయం". ఇరవై ఆరు కథలు వచ్చాయి. అన్నీ చదివాను. రాసిన పిల్లలలో చాలామంది నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి వచ్చినవారే. కరువు వారికి పాఠ్యపుస్తకంలోని సంగతి కాదు. అయినా వారి కథలలో కరువు లేదు. చలిలో కప్పిన రగ్గు వుంది, అన్నం పొట్లం వుంది, బస్‌స్టాండులో ముసలమ్మ వుంది.

కథానాయకుడికి ఏదో సొంత బాధ వుంటుంది. పరీక్ష తప్పడమో, ప్రేమ చెడడమో, తండ్రితో తగాదానో. ఆ బాధతో నడుస్తూ ఒక పేదవాణ్ణి చూస్తాడు. జేబులో వున్నది ఇస్తాడు. పేదవాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, నాయకుడి మనసు తేలికపడుతుంది, కథ అయిపోతుంది. కొద్ది తేడాలతో ఇరవైకి పైగా కథలు ఇంతే. ఇందులో తీరిన బాధ నాయకుడిది. పేదవాడు అతని జబ్బుకు మందుగా వచ్చి, పని కాగానే వెళ్లిపోయాడు. అతనికి పేరు లేదు. ఏం కావాలని ఎవరూ అడగలేదు. ఎంత కావాలని అసలే అడగలేదు.

పిల్లలను తప్పుపట్టలేను. వారపత్రికలలో మనం ఏళ్ల తరబడి యిటువంటి కథలే వేసి, యిటువంటి వాటికే బహుమతులు ఇచ్చి, దానికి మానవతావాదం అని పేరు పెట్టాం. పైగా నేను చేసింది కూడా ఒకటుంది. అది చెప్పకుండా విమర్శకు దిగితే నిజాయితీ కాదు.

1980ల మధ్య నేను అచ్చంపేట ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ణి. ఒక సాయంత్రం, ప్రాజెక్టు పనికి వలసపోయి వచ్చిన మనిషి ఒకాయన బడి దగ్గరకు వచ్చాడు. చేతిలో మేస్త్రీ రాసిచ్చిన చీటీ. "సారూ, గీ చీటీల ఏమున్నదో జర సదివి చెప్పరాదుండ్రి" అన్నాడు. చూశాను. అడ్వాన్సు, ఖర్చీ, నాగాలు, బస్సు కిరాయి, కొట్టివేతలు. చీకటి పడుతున్నది, నేను కల్వకుర్తిలో సభకు పోవాలి. ఆ సభ వెట్టిచాకిరి మీదనే! జేబులోంచి యాభై రూపాయలు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నోటు వైపూ చీటీ వైపూ చూసి, రెండూ ఒకే మడతలో పెట్టుకొని వెళ్లిపోయాడు. సభలో నేను బాగా మాట్లాడానని మిత్రులు అన్నారు. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. దాని సెక్షన్లు నాకు కంఠస్థం. ఆ చీటీలో మొత్తం ఎంతో యీనాటికీ తెలియదు.

ఆయన దయ కోసం రాలేదు, లెక్క కోసం వచ్చాడు. యీ తేడా మన సాహిత్యం ఎంతవరకు పట్టుకున్నదన్నదే నా ప్రశ్న.

పోచంపల్లి సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ వూరికి వచ్చాడు. హరిజనవాడలో నలభై కుటుంబాల వారు తమకు భూమి కావాలన్నారు. ఎంత అని అడిగితే 80 ఎకరాలు అన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, వూరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. వ్యాసాలలోనూ పాఠాలలోనూ వెలిగేది ఆ నూరు. ఎనభైని ఎవరూ పట్టించుకోరు. నలభై ఇండ్లకు ఎనభై ఎకరాలంటే ఇంటికి రెండు. ఆ లెక్క దాత చెప్పింది కాదు, ఆచార్యుడు చెప్పింది కాదు. తమ బతుకుకు ఎంత నేల చాలునో కూలివాళ్లు వేసుకున్న లెక్క. ఆనాటి సమావేశంలో కెల్లా తెలివైన మాట అదేనని నా అభిప్రాయం. నూరు ఔదార్యం, కాదనను. కాని ఆ ఔదార్యం పలికిన సమయం మరచిపోతే చరిత్ర అబద్ధమవుతుంది. ఆ జిల్లాలోనే సాయుధ పోరాటం ఇంకా సాగుతున్నది, దాని విరమణ ఆ అక్టోబరులో గాని జరగలేదు. దున్నేవారు భూమి పంచుకున్న జిల్లాలో భూమి దానంగా వచ్చింది.

దీని పక్కన పాలకుర్తి ఐలమ్మ పొలాన్ని పెట్టి చూడండి. పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. ఆమె కౌలు పొలం పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. సంఘం మనుషులు కొడవళ్లు పట్టుకొని వచ్చి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఇందులో దాత ఎవరు? ఎవరూ లేరు. ఆమె గింజలు ఆమె గాదెకు చేరాయి, అంతే. వచ్చినవారూ పేదలే. వారు ఇచ్చింది ఒక పూట పని, ఒకరి వెనుక ఇంకొకరు నిలబడిన ధైర్యం. "సాధారణ మనిషి ఏం చేయగలడు?" అని మనం చర్చాగోష్ఠులు పెట్టుకునే ప్రశ్నకు, ఇంతకంటే స్పష్టమైన జవాబు నాకు కనబడలేదు. విద్యార్థుల కథలలో రగ్గు కప్పేవాడు ఎప్పుడూ ఒంటరి. పాలకుర్తి పొలంలో ఒంటరివాడు లేడు.

సాహిత్యంలో యీ తేడా ఎరిగినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టినవాడు. పరుల ఇండ్లలో వంటచేసి చదువుకున్నాడు, హోటల్లో పనిచేశాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు భుజాన మోసుకొని ఊరూరా అమ్మాడు. చందాలు పోగుచేసి అన్నం పంచివుంటే ఆయనను ధర్మాత్ముడనేవారు. పుస్తకం ఇచ్చాడు, అందుకు ఖరీదు తీసుకున్నాడు. ఖరీదు తీసుకోవడం నాకు ముఖ్యంగా తోస్తుంది. కొన్నవాడు చెయ్యి చాచడు, తనకు నచ్చకపోతే తిట్టగలడు.

ఆయన "ప్రజల మనిషి" నవలలో నిజాం కాలపు వెట్టి, దొరతనం కళ్లకు కట్టినట్టు వున్నాయి. అయితే నాయకుడు కంఠీరవంతో నాకు పేచీ వుంది. అతను తప్పు చేయడు. తప్పు చేయని సహాయకుణ్ణి నేను పూర్తిగా నమ్మలేను. యాభై నోటు ఇచ్చి తప్పించుకున్న పూట అతని జీవితంలోనూ ఒకటి వుండివుంటే, పాఠకుడు అతని పక్కన ఇంకా దగ్గరగా నడిచేవాడు. యీ విషయంలో "జైలు లోపల" కథలే నాకు పై మెట్టు. రాజకీయ ఖైదీగా వెళ్లినవాడు దొంగతనాలకూ హత్యలకూ శిక్షపడిన వారి పక్కన కూర్చుని, మీరు ఇక్కడికి ఎట్లా వచ్చారని అడుగుతాడు. జాలిపడమని మనల్ని వేడుకోడు. ఒక్కొక్క మనిషిని జైలు గేటు దాకా తెచ్చిన పరిస్థితులను వరుసగా ముందు పెడతాడు. అదీ ఒక రకం లెక్కే.

పాత చరిత్ర చెప్పి తప్పించుకుంటున్నారని విద్యార్థులు అనవచ్చు. సరే, దగ్గరికే వద్దాం. నల్లగొండలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన పిల్లల ఫోటోలు ఎన్ని పత్రికలలో రాలేదు? చూసినవారు కంటతడి పెట్టారు, ఆ వూళ్లకు నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేశారు. ఒక్క నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. గెలవడానికి కాదు, లెక్కలోకి రావడానికి. అదే ఏడాది ఎన్నికల తరువాత లోక్‌సభ పోటీకి కట్టవలసిన ధరావతు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది! వంగిన ఎముకల ఫోటో ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టలేదు గాని, పొడవాటి బ్యాలెట్ పత్రం పెట్టింది. ఆ 480 మంది మీద మంచి నవల ఒకటి రావలసి వుంది.

పాలమూరు వైపు 2006లో ఉపాధి హామీ వచ్చినప్పుడు, మొదటి విడత 200 జిల్లాలలో రెండు జిల్లాలూ వున్నాయి. ఆ రోజులలో కూలి కుటుంబాల నుంచే వచ్చిన యువకులు సామాజిక తనిఖీ పేరుతో మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగి, "నీ పేర ఇన్ని రోజులు పని రాసివుంది, నిజమేనా?" అని అడిగారు. తరువాత గ్రామసభలో పైకి చదివారు. పదో తరగతి చదివిన పిల్ల చేయగల పని అది. ఎంత పెద్ద దాతా చేయలేని పని.

ఇక పోటీ సంగతి. మిగిలిన కథలలో ఒకటి నారాయణపేట వైపు నుంచి వచ్చిన అబ్బాయి రాసింది. బొంబాయి బస్సు ఎక్కిన మొగుడూ పెళ్లామూ తిరిగి వస్తారు. మేస్త్రీ అరుగు మీద కూర్చుని లెక్క చెబుతాడు. జోడీకి నెలకు 12,000, ఎనిమిది నెలలు. అడ్వాన్సు 30,000. ఖర్చీ వారానికి వెయ్యి, ముప్పైనాలుగు వారాలు. నాగాలు పందొమ్మిది, రోజుకు 400. బస్సుకు 2,600. మేస్త్రీ 6,000 చేతిలో పెట్టి "సరిపోయింది" అంటాడు. ఆడమనిషి ఏమీ అనదు, వేళ్లు ముడుస్తూ వుంటుంది. కథ అక్కడ ఆగింది.

"ఇది కథ కాదు, పద్దు" అన్నారు నా తోటి న్యాయనిర్ణేతలలో ఒకరు. నేనూ తల ఊపాను. రగ్గు కథకు మొదటి బహుమతి పోయింది.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టక ఆ కాగితాలు మళ్లీ తీశాను. అబ్బాయి మొత్తం ఎక్కడా రాయలేదు. పాఠకుడికి వదిలాడు. ఒక పెన్సిలు తెచ్చుకొని కూడాను. తొంభైఆరు వేలలోంచి కోతలన్నీ పోగా 21,800 మిగలాలి. చేతిలో పెట్టింది ఆరు. ఇంకా 15,800 రావాలి.

మరునాడు ఆ అబ్బాయి చిరునామా కోసం కళాశాలకు ఉత్తరం రాశాను.